ఎర్ర తెర వస్తే ముందు తేదీ చూడండి

విడపనకల్లులో పప్పుశనగ వేసిన రైతు పంటల బీమాకో, 1బి భూమి కాగితానికో నెట్ సెంటర్‌కు వస్తాడు. సైటు పేరు కొట్టగానే ఎర్ర త్రిభుజంతో హెచ్చరిక. సిస్టం ముందున్న కుర్రాడు ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి ముందుకు పోతాడు. ఆ తర్వాత కొట్టేది ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా. అందుకే ఆ తెర ఎందుకొచ్చిందో తెలుసుకోకుండా దాటకూడదంటాను.

ఆ హెచ్చరిక సైటు గుర్తింపు కాగితమైన సర్టిఫికెట్ గురించి. దానికోసం సైటు నడిపేవాళ్లు ముందుగా సర్వర్‌లో జంట ‘కీ’లు తయారు చేస్తారు. రహస్య కీ వాళ్ల దగ్గరే ఉంటుంది. రెండోదాన్ని సైటు పేరుతో కలిపి సర్టిఫికెట్ అథారిటీకి పంపుతారు. ఆ పేరు నిజంగా వీళ్ల చేతిలోనే ఉందా అని తేల్చుకోవడానికి అథారిటీ ఒక ఫైలు ఇచ్చి సైటులో పెట్టమంటుంది. అది అక్కడ కనబడితే సర్టిఫికెట్ మీద డిజిటల్ సంతకం పడుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 నుంచి ఈ పని ఉచితంగా చేస్తోంది.

మనం సైటు తెరిచినప్పుడు బ్రౌజర్ ఆ సర్టిఫికెట్ తీసుకుని పేరు సరిపోయిందా, గడువు ఉందా, సంతకం తన నమ్మకస్థుల జాబితాలోని అథారిటీ దాకా చేరుతోందా అని చూస్తుంది. ఏది తప్పినా ఎర్ర తెరే.

ఆ జాబితా ఎంత ముఖ్యమో మన దేశంలోనే తేలింది. 2014 జూలైలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసి సర్టిఫికెట్ విభాగం నుంచి గూగుల్ సైట్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు వెలువడ్డాయని గూగుల్ కనిపెట్టింది. అప్పట్లో విండోస్ జాబితాలో భారత ప్రభుత్వ రూట్, అంటే మూల సర్టిఫికెట్, ఉండేది కాబట్టి విండోస్‌లోని చాలా ప్రోగ్రాములు వాటిని నమ్మేవే. సొంత జాబితా పెట్టుకున్న ఫైర్‌ఫాక్స్‌కు ఆ ముప్పు లేకపోయింది. ఎన్‌ఐసి సర్టిఫికెట్లు వెంటనే రద్దయ్యాయి. 2018 నుంచి క్రోమ్ కొత్త సర్టిఫికెట్లన్నీ అందరూ చూడగల లాగ్‌లో నమోదై ఉండాలంటోంది. ఎవరి పేరిట ఏం పుట్టిందో దాచడం ఇప్పుడు కష్టం. నా దృష్టిలో ఈ రంగంలో వచ్చిన అతి మంచి మార్పు ఇదే.

ఇక నెట్ సెంటర్‌లో చేయాల్సింది. తెర కింద కుడి మూలన తేదీ చూడండి. పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, బ్రౌజర్ లెక్కలో సర్టిఫికెట్‌కు ఇంకా గడువే మొదలవదు. సీఆర్2032 బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే చాలు.

తేదీ సరిగ్గానే ఉన్నా సైట్లన్నీ ఎర్రగానే వస్తుంటే తప్పు ఆ సిస్టంలోనో నెట్‌లోనో ఉన్నట్టు. అదే సైటును మీ ఫోన్ డేటా మీద తెరిచి పోల్చండి. ఫోన్‌లో మామూలుగా తెరుచుకుంటే ఆ సిస్టంలో మీ నంబర్లు కొట్టొద్దు. ఫోన్‌లోనూ ఆ ఒక్క సైటే ఎర్రగా వస్తే, వాళ్లు సరిచేసేదాకా ఆగాలి. అయితే ఆండ్రాయిడ్ 7.1 కన్నా పాత ఫోన్‌తో పోల్చి లాభం లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ రూట్ దాని జాబితాలో ఉండదు, మంచి సైటుకూ హెచ్చరికే చూపొచ్చు.

హెచ్చరిక రాకపోయినా పేరు చదవాల్సిందే. మోసగాడికీ తన సైటుకు సర్టిఫికెట్ దొరుకుతుంది. భూ రికార్డుల సైటు మీభూమి అయితే అడ్రస్‌లో https:// దాటాక వచ్చే మొదటి ‘/’ గీతకు ముందున్న పేరు ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ తో ముగియాలి. ఆ అక్షరాలు మధ్యలో ఎక్కడో ఉండి చివర ఇంకేదో ఉంటే అది ప్రభుత్వ సైటు కాదు.