సిగ్గుపడే మనిషికి ఫోన్‌లో వైద్యం

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. మా ఆయన జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తారు. రోజూ తాగుతారు. ఆసుపత్రికి రమ్మంటే నలుగురూ చూస్తారని సిగ్గు. ఫోన్‌లోనే వైద్యం కుదురుతుందా? తెలియకుండా కూరలో కలిపే పొడి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, కొనమంటారా?
– ఒక సోదరి

జవాబు: ముందు పొడి సంగతి. కొనకండమ్మా. అందులో ఏం కలిపారో మనకు తెలియదు. తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ లాంటి మందు ఉంటే, ఆ సంగతి తెలియక ఆయన తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్లు ఆ మాత్రను రోగికి చెప్పి, ఒప్పించే ఇస్తారు.

ఇక ఫోను. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మత్తు మాన్పించడానికే ఉన్న జాతీయ నంబరు 14446. ఆయన మాట్లాడనంటే మీరే చేయండి. తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ ఆన్‌లైన్ సమావేశాల్లో కెమెరా ఆపేసి, ఇంటిపేరు చెప్పకుండా వినొచ్చు. సిగ్గరులకు ఇదే మంచి తొలిమెట్టు అంటాను.

అయితే మానేసిన మొదటి వారాన్ని మాత్రం ఫోనుకు వదిలేయకండి. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. కొందరికి రెండు రోజుల్లోపే ఫిట్స్ వస్తాయి. ఆ తర్వాత మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి పరిగెత్తేది ఇలాంటప్పుడే! ఆ రోజులకు శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో, విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాలలోనో చూపించాల్సిందే. ఇంటికొచ్చాక మళ్లీ ఫోను పనికొస్తుంది.

ఈలోగా ఫిట్స్ వస్తే ఇంకే నంబరూ వెతక్కండి, 108కి చేయండి.