సుగ్గికి పోయే ముందు

కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు వాన మొగం చాటేసిన ఏడాది ఊళ్లకు ఊళ్లే సుగ్గికి, అంటే వలస కూలికి, కదులుతాయి. గుంటూరు వైపు పత్తి తీయను, మిరపకాయలు కోయను. పిల్లల్ని వెంట తీసుకుపోతే బడి పోతుంది. వదిలిపోతే అవ్వ దగ్గరో, సీజనల్ హాస్టల్లోనో ఉంటారు. వదిలిపోవడమే మేలని నేనూ అంటాను. కాకపోతే పన్నెండేళ్ల పిల్లను వదలడం, ఐదేళ్ల పిల్లను వదలడం ఒకటి కాదు.

ఐదో తరగతి దాకా ఒకరిద్దరు టీచర్లే. మొగం చూసి అన్నం తినలేదని పట్టేస్తారు. ఆరులోకి వస్తే గంటకో సారు. పిల్లవాడు ఒక్కొక్కరికి ఒక్కో ముక్కే తెలుస్తాడు. సరిగ్గా అప్పుడే గొంతు మారుతుంది, కోపం ముక్కు మీదికొస్తుంది. ఆవేశానికి పగ్గం వేసే మెదడు ముందు భాగం ఇరవై దాటాక గానీ పూర్తిగా ఎదగదు. ఎద్దులు ముందొచ్చాయి, పగ్గాలు ఇంకా రాలేదు. 'చెప్పిన మాట ఇనడు' అని ఫోన్లో అరిచే ముందు ఇది గుర్తుంటే చాలు.

ఆడపిల్ల సంగతి వేరు. తల్లి మిరప చేనులో ఉండగా ఇక్కడ కూతురు పెద్దమనిషవుతుంది. ముందే ఎవరూ చెప్పకుంటే ఏదో రోగమని దడుచుకుంటుంది. 2021లో మొదలైన స్వేచ్ఛ పథకంలో బడిలో ప్యాడ్లు ఇచ్చింది ఏడో తరగతి నుంచి. ఆరులోనే అయిన పిల్లో? అయినా ప్యాడు ఎవరైనా ఇస్తారు, భయం తీసే మాట అమ్మ చెప్పాలి. మూటలు కట్టే రాత్రి అరగంట చాలు. 'ఇప్పుడే పెళ్లి మాట ఎత్తంలే' అన్నదీ అప్పుడే చెప్పాలి. చట్టం పద్దెనిమిదేళ్లంటుంది, నిజమే. పిల్ల మాత్రం ఆ మాట అమ్మ నోట వినాలనుకుంటుంది.

కడప, రాయచోటి వైపు చాలా ఇళ్లలో సుగ్గి పేరు కువైట్. వీడియో కాల్‌లో సగం మార్కుల గొడవే. 'బాగుండా' అని పిల్లవాడు ఫోను అవ్వకిచ్చేస్తాడు. దానికి బదులు 'ఈ పొద్దు ఎవరి పక్కన కూర్చొని తింటివి?' అని అడిగి చూడండి. జవాబు వెంటనే రాదు. మూడో కాల్లో, సంబంధం లేని చోట, సగం మాటగా వస్తుంది. అప్పుడు సలహా దూర్చకుండా ఉండాలి. అన్నిటికన్నా కష్టం అదే.

తిరిగొచ్చే రోజు ఖచ్చితంగా చెప్పి వెళ్లండి. ఉగాదికి వస్తామని చెప్పి రాలేకపోతే, ఆ సంగతి ఉగాదికి ముందే చెప్పండి. లేకుంటే పండగ పొద్దున ఆ పిల్ల రోడ్డు మీద నిలబడి బస్సు దిగేవాళ్లను లెక్కబెడుతుంటుంది.