రేసుల కాలంల పెట్టల సంగతి

చిరంజీవి అల్లునికి,

ఫొటోలు చూసిన. సెంటినరీ కాలనీ క్వార్టర్ మీద పావురాల గూడు మంచిగ కట్టినవ్, తూర్పుకు తలుపు పెట్టినవ్. ఒక్క మాట మాత్రం నాకు నచ్చలే. "రేసుకు పుంజులనే పంపుత, పెట్టలు పిల్లలకే" అని రాసినవ్. చెన్నైకి మీ వదిన దగ్గరికి వచ్చినకాంచి ఇక్కడి క్లబ్బులోళ్ల గూళ్లు చూస్తున్న. దూరం రేసుకు పెట్టను నమ్ముకున్నోళ్లు చానమంది ఉన్నరు.

1942 ఫిబ్రవరిల ఇంగ్లండు బాంబర్ ఒకటి సముద్రంల కూలితే, నూనెల తడిసిన రెక్కలతోటి దాదాపు 120 మైళ్లు ఎగిరి ఇల్లు చేరి, ఆ సిబ్బంది పాణాలు నిలవెట్టిన వింకీ పెట్టనే. మరుసటేడు, యుద్ధంల సాహసం చేసిన జంతువులకిచ్చే డికిన్ మెడల్ మొట్టమొదట అందుకున్న మూడు పావురాలల్ల అదొకటి. 2020ల బెల్జియం వేలంల 16 లక్షల యూరోలు పలికిన న్యూ కిమ్ గూడ రెండేండ్ల పెట్ట. పెట్టకు సత్తువ తక్కువ లేదు. ఆ సత్తువ గుడ్ల పాలు కాకుండ కాసుకునుడే రేసులు నడిచినన్ని రోజులు నీ పని.

పుంజులను వేరే అరల పెడ్తే గుడ్లు ఆగుతయనుకుంటవ్. ఆగవు. పెట్టలకు పెట్టలే జోడు కడ్తయి. పొద్దుగాల మసక ఎలుతురు ఉండంగనే సప్పుడు చెయ్యకుండ గూట్లకు పోయి నిలబడు. ఒకటి మెడ ఉబ్బిచ్చి గుర్రుమనుకుంట చుట్టు తిరుగుతది, ఇంకోటి వంగి కూసుంటది. ముక్కుతోటి ఒకదాని మెడ ఈకలు ఒకటి సదురుకుంటయి. రెండూ ఒక్క మూలకే ఒదుగుతున్నయంటే పది దినాలల్ల గుడ్లు పడ్తయి. ఒక్కోటి రెండు పెడ్తది, జోడుకు నాలుగు. ఒక్కదాంట్ల గూడ పిల్ల ఉండదు.

అందుకే పెట్టల అరల మూల అనేదే ఉండొద్దు. నేల మీద సందులు సందులుగ కర్రలు కొట్టు, కూసుంటానికి సుఖం ఉండొద్దు. గోడకు బోర్లించిన 'వి' లెక్క చిన్న చిన్న పల్కలు కొట్టు, ఒక్క పక్షి నిలబడేంతే. పక్కకు రెండోది చేరలేదు. పుల్ల, ఈనె, గడ్డిపోచ ఏది కనవడ్డా తీసెయ్యి. పగటిపూట అరల ఎలుతురు తగ్గియ్యి, గాలి మాత్రం ఆడాలె. అప్పటికే కలిసినయి ఉంటే ఒకదాన్ని తీసి కొన్ని రోజులు వేరే బుట్టల పెట్టు.

ఇంకో పని అలవాటు చేసుకో. పెట్టను చేతిల పట్టుకొని తోక కింద వేలు పెట్టి చూడు. సన్నటి ఎముకలు రెండు తగుల్తయి. మామూలుగ దగ్గర దగ్గరగ, గట్టిగ ఉంటయి. గుడ్డు దగ్గర పడ్డకొద్ది ఎడం అయితయి, మెత్తవడ్తయి, నడుమ వేలు పడ్తది. తోక గూడ కిందికి వాలుతది. అట్లున్న పెట్టను ఎంత మంచిదైనా రేసు బుట్టల ఎక్కియ్యకు.

ఎంత కాసినా పెట్టిందనుకో. మొదటి గుడ్డు పొద్దుగూకే ముందు పడ్తది, నడుమ ఒక రోజు విడిచి పగటిపూట రెండోది. కోపంతోటి తీసి పారెయ్యకు. తీస్తే ఇంకో జత పెడ్తది, ఒంట్ల సున్నమంత కరిగిపోతది. పొదగనియ్యి. గుడ్డు పెంకుల పొడి, ఇటుక పొడి, ఇంత ఉప్పు కలిపి ముందు పెట్టు. పొదగవట్టి పది రోజులు దాటిన పెట్టకు పాణమంత గూటి మీదనే ఉంటది. దాన్ని రేసుకు పంపొచ్చు, సంతోషంగ పంపు.

పుంజును ముందుగాల చూపిచ్చి పంపుతమంటరు కొందరు. అది మంచి పద్ధతే. బుట్టకెక్కిచ్చే ముందు కొద్దిసేపు, తిరిగొచ్చినంక పొద్దుగూకేదాక కలిపి ఉంచు. రాత్రి మాత్రం కలిపి వదిలిపెట్టకు, మళ్ల గుడ్ల కథ మొదలైతది.

తిండి పక్షికి రోజుకు 30 గ్రాములు. రేసు నుంచి వచ్చిన రెండు మూడు రోజులు వడ్లు, బార్లీ ఎక్కువ పెట్టు, తేలిక పడ్తయి. పెసలు, బఠాణీలు కొద్దిగనే వెయ్యి, అవి ఎక్కువైతే గుడ్ల మీదికి మనసు పోతది. పంపే ముందు రెండు రోజులు మక్కలు, నాలుగు పల్లీలు.

ఫస్ట్ షిఫ్ట్ ఉంటే ఏడింటికి నువ్వు బొగ్గు బాయి మీదుండాలె, అందుకని తెల్లారంగనే పెట్టలను వదులు. పుంజులను సాయంత్రం. రెండింటిని ఒక్కసారి వదలకు. ఎగిరి దిగంగనే లోపటికి రావాలె, పైకప్పు మీద కూసోనిస్తే అక్కడనే జోడు కడ్తయి. ఓపెన్‌కాస్ట్ గనిల బ్లాస్టింగ్ అయ్యేయాళ్లకు ఒక్క పక్షి గూడ బయట ఉండొద్దు. ఎన్‌టీపీసీ హైటెన్షన్ తీగలు మంచుల కనవడవు, మంచు పడ్డ రోజు అది విడిచినంకనే వదులు. దూరం అలవాటు చేసేటప్పుడు రైలు దారి పట్టుకో: మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్. ఒకటి దాటినంకనే ఇంకోటి.

రామగుండం ఎండ నీకు నేను చెప్పేదేముంది. ఎండలు ముదిరినంక ఏ పెట్టను దూరం పంపకు, ఎవలు పందెం కట్టినా సరే.

ఈ ఆదివారం అన్ని పెట్టల ఎముకలు చూసి, రింగు నంబర్ల వారీగ రాసి పంపు. ఏది ఆపాలె, ఏది బుట్టకెక్కాలె మళ్ల ఉత్తరంల చెప్త. అమ్మను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
నీ మామ