పెరటి మొక్కలకు ఘన, ద్రవరూప ఎరువులు: కంభం ప్రాంతానికి అనువైన ఎంపిక

కంభం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో వర్షపాతం తక్కువ. అనేక పెరటి తోటలకు బోరు నీరే ఆధారం. కావున ఎరువు రూపాన్ని నిర్ణయించే ముందు నీటి లభ్యతను, నాణ్యతను పరిశీలించాలి.

ఘనరూప ఎరువు: దీనిలోని పోషకాలు నేల తేమలో కరిగిన తరువాతే వేళ్లకు అందుతాయి. నేలలో కలపకుండా పైపైన చల్లిన యూరియా నుండి నత్రజని కొంత అమ్మోనియా వాయువుగా నష్టమవుతుంది. మొదలు వద్ద కుప్పగా వేస్తే లవణ గాఢత పెరిగి వేళ్లు దెబ్బతింటాయి. వర్మికంపోస్టు, చివికిన పశువుల ఎరువు పోషకాలను నెమ్మదిగా అందిస్తూ తేమను నిలుపుతాయి.

ద్రవరూప ఎరువు: ఇది త్వరగా పనిచేస్తుంది. పూత, పిందె దశల్లో 19-19-19 ను లీటరు నీటికి 5 గ్రా. చొప్పున కరిగించి, చల్లని వేళ పిచికారీ చేయవచ్చు. కుండీల్లో అధికంగా పోస్తే నత్రజని అడుగు రంధ్రాల గుండా కొట్టుకుపోతుంది. కాల్షియం అధికంగా గల క్షార నీటిలో భాస్వరం కొంత అవక్షేపమవుతుంది. నిల్వచేసిన వాన నీరు ఇందుకు మేలు.

సిఫారసు: ఆధారంగా ఘనరూప సేంద్రియ ఎరువును, పోషక లోపం కనిపించినప్పుడు ద్రవరూప ఎరువును తడి నేలలోనే వాడాలి. ఆకుల అంచులు మాడుట లవణాధిక్య లక్షణం కూడా కావచ్చు. దానిని పోషక లోపంగా భావించి మరల ఎరువు వేస్తే మొక్క చనిపోవచ్చు. ముందుగా నీటి విద్యుద్వాహకతను పరీక్షించాలి.