కంప్యూటరులో పోపుల డబ్బా

తెలుగువారి వంటింటిలో పోపుల డబ్బాకు ఒక ప్రత్యేక స్థానం ఉన్నది. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు మొదలైన వాటి అసలు నిల్వ సామాన్ల గదిలోని పెద్ద డబ్బాలలో ఉంటుంది. అయినప్పటికీ మూకుడులో నూనె కాగుతున్న వేళ ఎవరూ సామాన్ల గదికి పరుగెత్తరు. పొయ్యి ప్రక్కనే ఉన్న పోపుల డబ్బా మూత తీసి చిటికెడు ఆవాలు వేస్తారు. అవి అయిపోతే పెద్ద డబ్బా నుండి మరల నింపుకొంటారు. పోపుల డబ్బా ఒలికిపోయినంత మాత్రాన ఇంటికి కరువు రాదు. నిల్వ డబ్బాకు పురుగు పడితేనే చిక్కు.

కంప్యూటరులో ఇట్టి ఏర్పాటునే కాష్ అంటారు. ఆంగ్లంలో రొక్కానికి వాడే మాటతో దీని ఉచ్చారణ కలిసినా, అర్థంలో రెండింటికీ సంబంధం లేదు. 'దాచు' అనే అర్థం గల ఫ్రెంచి ధాతువు నుండి ఈ మాట పుట్టింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన మారిస్ విల్క్స్ 1965లో ప్రకటించిన ఒక చిన్న వ్యాసంలో, నెమ్మదిగా పనిచేసే పెద్ద స్మృతికి తోడుగా వేగవంతమైన చిన్న స్మృతిని ఉంచవచ్చునని వివరించారు. దానికి ఆయన పెట్టిన పేరు 'బానిస స్మృతి'. 1968లో ఐ.బి.ఎం. సంస్థ తన సిస్టమ్/360 శ్రేణిలోని 85వ నమూనాలో ఈ ఏర్పాటును ప్రవేశపెట్టింది. అప్పటి నుండి 'కాష్' అనే పేరు వాడుకలోకి వచ్చింది. పేరు మారడమే మంచిదయింది.

ఈ ఏర్పాటు అవసరం ఎంతటిదో ఒక లెక్క వలన తెలుస్తుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్కుకు ఒక చుట్టు పూర్తి కావడానికి 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. కావలసిన సమాచారం ముల్లు క్రిందికి రావడానికి సగటున అర చుట్టు, అనగా సుమారు 4 మిల్లీసెకన్లు వేచి ఉండాలి. మనిషికి అది కనురెప్పపాటు కూడా కాదు. కాని సెకనుకు 100 కోట్ల స్పందనలు గల ప్రాసెసరుకు ఆ వ్యవధిలో 40 లక్షల స్పందనలు వృథాగా గడిచిపోతాయి. అందుచేత మాటిమాటికి కావలసిన సమాచారానికి ఒక నకలును దగ్గరగా ఉంచుతారు. ఇదే సూత్రాన్ని తరువాతి కాలంలో సాఫ్ట్‌వేరు రచయితలు కూడా అనుసరించారు. ఒకసారి చూసిన వెబ్ పేజీలోని బొమ్మలను బ్రౌజరు డిస్కు మీద దాచుకొంటుంది. వీడియో కూర్పు సాఫ్ట్‌వేరు తాను ఒకసారి లెక్కించిన ఫలితాలను దాచుకొంటుంది. ఇక్కడ ఆదా అయ్యేది దూరం కాదు, శ్రమ. రాత్రి రుబ్బి ఉంచిన పిండి వంటిదన్నమాట.

అయితే పోపుల డబ్బా పరిమాణానికి వంటింటి గట్టే హద్దు. కంప్యూటరులోని కాష్‌కు, ఎవరైనా హద్దు విధిస్తే తప్ప, కొన్ని సందర్భాలలో డిస్కు అంచే హద్దు. ఆంధ్ర, తెలంగాణ పట్టణాలలో పెండ్లి వీడియోలను కూర్చే స్టూడియోలు ఇందుకు చక్కని ఉదాహరణ. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున నమోదయ్యే 4కె వీడియో గంటకు 45 గిగాబైట్ల స్థలాన్ని ఆక్రమిస్తుంది. రెండు కెమెరాలతో అయిదేసి గంటలు తీసిన ఒక్క పెండ్లికి 450 గిగాబైట్లు కావాలి. దీనికి తోడు అడోబీ ప్రీమియర్ ప్రో వంటి సాఫ్ట్‌వేరు వీడియోలోని శబ్దాన్ని విడదీసి, సంపీడనం లేని రూపంలోకి మార్చి, 'మీడియా కాష్' ఫోల్డర్లలో భద్రపరుస్తుంది. ఆ రూపంలో గంట శబ్దానికి సుమారు 1.4 గిగాబైట్లు పడుతుంది. కూర్పులో ముందుగా చూసుకొనేందుకు తయారుచేసే ప్రివ్యూ ఫైళ్ళు దీనికి అదనం. ఒక పెండ్లి పని ముగిసినా దాని కాష్ తనంతట తాను తొలగిపోవాలనే నియమం లేదు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం గడిచేసరికి పది పెండ్లిళ్ళ కాష్ పేరుకొంటుంది. పదకొండవ పెండ్లివారు వీడియో కోసం తొందరపెడుతున్న రాత్రి, 'డిస్కులో స్థలం చాలదు' అనే సందేశం తెర మీద కనిపిస్తుంది.

అట్టి రాత్రి నిద్రమత్తులో ఉన్న ఉద్యోగి ఏమి చేస్తాడు? ఫోల్డర్లను పరిమాణాన్ని బట్టి వరుసలో పెట్టి, అన్నిటికంటె పెద్దదాన్ని తొలగించబోతాడు. ప్రమాదం ఇక్కడే ఉన్నది. పరిమాణం విలువను చెప్పదు. ఆ డిస్కులో అన్నిటికంటె చిన్న ఫైళ్ళలో ఒకటి ప్రాజెక్టు ఫైలు. ఏ దృశ్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగియవలసినదీ, ఏ పాట ఎక్కడ రావలసినదీ అందులోనే నమోదై ఉంటుంది. అది పోతే వారాల శ్రమ పోతుంది. అన్నిటికంటె పెద్ద ఫోల్డరు సాధారణంగా అసలు వీడియోలదే. అది పోతే ప్రాజెక్టు ఫైలు ఉన్నా ప్రయోజనం లేదు. దృశ్యం ఉండవలసిన చోట 'మీడియా ఆఫ్‌లైన్' అనే ఎర్రని ఫలకం నిలుస్తుంది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు మరల జరిపించడం ఎవరి తరమూ కాదు. కాష్ మాత్రం పోయినా అసలు వీడియో నుండి తిరిగి పుడుతుంది. కావున ఏ ఫైలునైనా తొలగించే ముందు వేయవలసిన ప్రశ్న 'ఇది ఎంత పెద్దది?' అని కాదు, 'ఇది పోతే దేని నుండి తిరిగి తయారవుతుంది?' అని.

ఈ ప్రశ్నకు జవాబు ఒక్కొక్కప్పుడు కాలాన్ని బట్టి మారుతుంది. కెమెరాలోని మెమరీ కార్డులో వీడియో ఉన్నంత వరకు డిస్కులోనిది నకలు మాత్రమే. మరుసటి పెండ్లి కోసం కార్డును ఖాళీ చేసిన క్షణం నుండి ఆ నకలే మూలం. ప్రాచీన వాఙ్మయంతో పరిచయం ఉన్నవారికి ఈ సంగతి కొత్త కాదు. సి.పి. బ్రౌన్ తెలుగు కావ్యాల తాళపత్ర ప్రతులను సేకరించి, పండితుల చేత కాగితం మీద నకళ్ళు వ్రాయించాడు. ఆయన సేకరణ చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో చేరింది. తాటాకు చెదల పాలైన చోట నకలు ప్రతే పరిష్కర్తకు ఆధారం. 'ఇది నకలే కదా' అని ఆనాడు ఎవరూ వాటిని పారవేయకపోవడం తెలుగువారి అదృష్టం.

ఫైళ్ళను చేతితో తొలగించడం కంటె సాఫ్ట్‌వేరులోనే ఉన్న 'కాష్‌ను శుభ్రపరచు' అనే ఆజ్ఞను వాడడం సాధారణంగా క్షేమం. కాని అదీ నిర్వివాదం కాదు. 2017లో ప్రీమియర్ ప్రో 11.1 వెర్షనులో ఒక లోపం వలన, కాష్ స్థానంగా వేరే ఫోల్డరును ఎంచుకొన్నవారికి, శుభ్రపరచమని ఆజ్ఞాపించినప్పుడు కాష్‌తో సంబంధం లేని ఫైళ్ళు కూడా చెరిగిపోయాయి. ఆ తరువాతి వెర్షనులో సంస్థ దానిని సరిదిద్దింది. అప్పటికే నష్టపోయానని, దాదాపు లక్ష వీడియో క్లిప్పులు పోయాయని అమెరికాలోని ఒక వీడియోగ్రాఫరు 2018లో కాలిఫోర్నియాలో దావా వేశాడు. అందుచేత కాష్‌కు ఖాళీ ఫోల్డరును విడిగా కేటాయించి, అందులో మరి ఏ ఇతర ఫైలునూ ఉంచరాదు. పోపుల డబ్బాలో బంగారపు ఉంగరం దాచేవారు ఉంటారు; తోమే రోజున ఏమవుతుందో వారికే తెలియాలి.

విండోస్‌లోని డిస్క్ క్లీనప్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2018లో వెలువడిన విండోస్ 10 1809 వెర్షనులో, తాత్కాలిక ఫైళ్ళతో పాటు డౌన్‌లోడ్స్ ఫోల్డరును కూడా ఆ జాబితాలో చేర్చారు. డౌన్‌లోడ్స్‌లో విద్యార్థుల హాల్ టికెట్లు, ధ్రువపత్రాలు ఉంటాయి; అవి కాష్ కావు. చదవకుండా అన్ని గడులలోనూ టిక్కు పెట్టే అలవాటు ఉన్నవారికి ఇట్టి జాబితా కత్తి వంటిది. సెల్‌ఫోనులో తేడా మరింత సన్ననిది. ఒకే తెర మీద 'కాష్‌ను తొలగించు', 'డేటాను తొలగించు' అనే రెండు మీటలు ప్రక్కప్రక్కనే ఉంటాయి. మొదటిది నొక్కితే ఆ యాప్ కొంతసేపు నెమ్మదిస్తుంది. రెండవది నొక్కితే ఖాతా వివరాలు, అమరికలు, ఆ యాప్ తన వద్దనే దాచుకొన్న రాతలు అన్నీ పోయి, అప్పుడే కొత్తగా ఎక్కించినట్లు అవుతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు కాష్ కిందికి రావని కూడా గమనించాలి.

స్టూడియోలో ఆ రాత్రి చేయవలసిన పనికి ఒక క్రమం ఉన్నది. ముందుగా అసలు వీడియోలు మరొక డిస్కులో కూడా ఉన్నాయేమో చూడాలి. ఉన్నాయని నమ్మితే చాలదు. వాటిలో రెండు మూడు తెరచి, ఆడించి చూడాలి. ప్రాజెక్టు ఫైలు చిన్నది కనుక దాని ప్రతిని పెన్ డ్రైవులో ఉంచడానికి నిమిషం చాలు. ఆ తరువాత ప్రాజెక్టులన్నీ మూసి, అప్పగింత పూర్తయిన పెండ్లిళ్ళ ప్రివ్యూ ఫైళ్ళను, మీడియా కాష్‌ను తొలగించాలి. రీసైకిల్ బిన్‌లోకి వెళ్ళినంత మాత్రాన స్థలం ఖాళీ కాదు. దానిని కూడా ఖాళీ చేయాలి గాని, ఒకసారి ప్రాజెక్టును తెరచి అంతా సవ్యంగా ఉన్నదని చూసిన పిమ్మటనే ఆ పని చేయాలి.

అప్పుడు ప్రాజెక్టు తెరుచుకోవడానికి మామూలు కంటె ఎక్కువ సమయం పడుతుంది. శబ్దతరంగాల గీతలు కొంతసేపటి వరకు కనిపించవు. కొందరు దీనిని చూసి ఏదో చెడిపోయిందని కంగారుపడి కంప్యూటరును ఆపివేస్తారు. చెడిపోయినది ఏమీ లేదు. ఖాళీ అయిన డబ్బాను యంత్రం పెద్ద డబ్బా నుండి మరల నింపుకొంటున్నది.