అరుదుగా నడిపే పాత కారు – రోడ్డు పన్ను

మద్దేడ్‌లో మీ ఇంటి కొట్టంలో తాతగారి కాలం నాటి అంబాసిడర్ ఉందనుకోండి. పండుగలకే బయటికి తీస్తారు. మరి పన్ను తగ్గుతుందా? సాధారణంగా తగ్గదు. వాహనాలపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలది (రాజ్యాంగం, 7వ షెడ్యూలు, రాష్ట్ర జాబితా, 57వ అంశం). రోడ్డుపై వాడడానికి తగిన బండి అయితే చాలు, ఎంత దూరం తిరిగిందని చూడరు. గోదావరి దాటి తెలంగాణ నుండి తెచ్చిన కారును 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఛత్తీస్‌గఢ్ నంబరు తీసుకోవాలి, ఇక్కడి పన్నూ కట్టాలి.

2021లో కేంద్రం 'వింటేజ్' వాహనాలకు ప్రత్యేక నియమాలు చేసింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి, అసలు రూపం మారకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ. 20,000 నిర్ణయించారు. ఇది రుసుము, పన్ను కాదు. ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు.

అయితే తొందరపడకండి. వింటేజ్‌గా నమోదైన కారును ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు తప్ప రోడ్డెక్కించరాదు. అందులో భోపాలపట్నం సంతకు వెళ్లడం కుదరదు! అప్పుడప్పుడైనా నడపాలనుకునేవారు మామూలు రిజిస్ట్రేషన్‌నే, 15 ఏళ్ల తరువాత పునరుద్ధరించుకుంటూ, ఉంచుకోవడం మేలు.

పాఠగత ప్రశ్న: 1982లో మొదట రిజిస్టరైన కారును 2030లో వింటేజ్‌గా నమోదు చేయించవచ్చునా? కారణం రాయండి.