ప్రశ్నలు – జవాబులు: బొమ్మకార్డుల మంచిచెడ్డలు

ప్రశ్న: మా అన్నయ్య 1990 దశకములో కూర్చుకొన్న కుస్తీవీరుల ట్రంప్ కార్డులును, బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెట్ కార్డులును అటకమీది డబ్బాలో, రబ్బరు బ్యాండు చుట్టియుండగా దొరికినవి. వీనిలో ఏది మంచి స్థితిలో నున్నదో తెలిసికొనుట యెట్లు?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ముందుగా ఆ రబ్బరు బ్యాండును పట్టి లాగకుడు. ఇన్నేండ్ల యెండలకు అది మెత్తబడి పై కార్డున కంటుకొనియుండవచ్చును గనుక, కత్తెరతో త్రుంచి, అంటినంతమేర నట్లే విడిచి, తక్కినది తీయవలెను. పైదానికిని అడుగుదానికిని అంచున నొక్కుడు గంట్లు పడియుండును. నడుమ దాగినవే సాధారణముగా బాగుండును. చేతులు కడిగి, తడి లేకుండ తుడుచుకొని, ఒక్కొక్క కార్డునే తీసి, బొమ్మలోని వీరునిపై నున్న మమకారమును కాసేపు ప్రక్కకు నెట్టి, కాగితమును మాత్రమే చూడుడు. మూలలు, అంచులు, ఉపరితలము, బొమ్మ నాలుగువైపుల సమదూరమున ముద్రింపబడుట: కార్డుల స్థితికి అంకె వేయు పరీక్షకులు చూచునవి ఈ నాలుగే. ఎదురుగా చూచినపుడు నున్నగా తోచిన కార్డు, మేజాదీపము క్రింద ఏటవాలుగా త్రిప్పినంతనే గీతలను, నొక్కులను, జిడ్డుమరకలను బయటపెట్టును. మూల యరిగి, రంగు పోయి, తెల్లని పీచు రవంత కనబడిన కార్డును నేను మంచిదానిక్రిందనే లెక్కింతును. మడతపడిన దానిని మాత్రము లెక్కింపను, ఏలయన మడతలో అట్టయొక్క నారయే తెగును, తెగిన నార మరల అతుకదు. ట్రంప్ కార్డులలో పెక్కింటి మూలలు అచ్చుశాలలోనే గుండ్రముగా కోయబడినవి; దానిని అరుగుదల యని పొరబడవలదు.

ప్రశ్న: మా అబ్బాయి పోకెమాన్ కార్డుకు వెనుకవైపు నీలిరంగు అంచున తెల్లని చుక్కలు లేచినవి. స్కెచ్ పెన్నుతో దిద్దుమని ఒకరు, వెంట్రుకవాసి కత్తిరింపుమని మరియొకరు చెప్పుచున్నారు. ఏమి చేయవలెను?
— ఒక తండ్రి, తిరుపతి

జవాబు: రెండును వలదు. అమెరికాలో 1909–11 నడుమ సిగరెట్టు పెట్టెలలో వెలువడిన హోనస్ వాగ్నర్ అను బేస్‌బాల్ ఆటగాని కార్డొకటి, 1991లో నాలుగున్నర లక్షల డాలర్లకు పైగా పలికి, పీఎస్‌ఏ అను పరీక్షాసంస్థచే పదింట ఎనిమిది పొంది, లోకప్రసిద్ధమయ్యెను. దాని అంచులు తానే కత్తిరించితినని ఒక వేలము వ్యాపారి 2013లో న్యాయస్థానమున ఒప్పుకొనెను. దిద్దినదని తెలిసిన కార్డును పీఎస్‌ఏ వంటి సంస్థలు అంకెయే యీయక త్రిప్పిపంపును. చుక్కలున్న కార్డునకో, తక్కువదైనను ఒక అంకె దక్కును. ఇతరులయొద్ద కొనునపుడు మీరును జాగ్రత్తపడుడు. పోకెమాన్ కార్డు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల పొడవు ఉండును. అదే వరుసలోని కార్డుల నడుమ నిలిపిచూచిన, కత్తిరించినది కురచగా దిగిపోవును.

ఇక కార్డులను దాచు విషయము: మీ యూరిలో అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియు వానలకు గాలి చెమ్మగిల్లును. మెరుపురేకు కార్డులలో కాగితపుపొర ఆ చెమ్మను పీల్చి ఉబ్బును, రేకు ఉబ్బదు. అందుచేత కార్డు వంగును. పారదర్శకమైన తొడుగులో నుంచి, సిలికా జెల్ పొట్లముతో మూతబిగువైన డబ్బాలో భద్రపరచుడు. పిల్లవానిని ఆడుకొననీయవలదని మాత్రము నేను చెప్పను. ఆటకు కొన్ని, దాచుటకు కొన్ని అతడే యేర్పరచుకొనుగాక.

ప్రశ్న: మా అవ్వ పూజగదిలో రవివర్మ ముద్రణాలయము పేరుగల లక్ష్మీదేవి కార్డు కలదు. దానిపై నున్న కుంకుమబొట్టును తుడువవచ్చునా?
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: తుడువకుడు. తడి తగిలిన కుంకుమ రంగై కాగితములోనికి ప్రాకును. భూతద్దముతో ముఖభాగమును చూడుడు: 1894లో బొంబాయిలో నెలకొన్న ఆ ముద్రణాలయపు రాతియచ్చులో రంగు ఎగుడుదిగుడు రవ్వలుగా కనబడును, ఇటీవలి నకలులో చుక్కలు వరుసదీరియుండును. అసలుదైనచో, కుంకుమవలన వెల కొంత తగ్గుట నిజమే. అయినను అది మీ అవ్వ నిత్యము కొలిచిన ప్రతిమ. ఆ బొట్టును లోపముగా నేను ఎంచను. అమ్మవలసివచ్చిన, కుంకుమ కలదని కొనువారికి ముందే వ్రాసి తెలుపుడు.